పెరుగు పోసిన పట్టీ

సేర్‌ఛు లోయలో యుమ్‌కీ ఎక్కడికి వెళ్ళినా ఆమె గొంతు ముందు చేరుతుంది, మనిషి తరవాత వస్తుంది. అవతలి ఒడ్డున మేసే జడలబర్రెను ఆమె ఇవతలి ఒడ్డు నుంచి తిడితే, అది తలెత్తి చూసి బుద్ధిగా వెనక్కి తిరుగుతుందని ఆమె భర్త చోపా చెబుతుంటాడు. "నేనూ పెళ్ళైనప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నా" అని కూడా అంటాడు, ఆమె దగ్గర్లో లేదని చూసుకుని.

ఆ గొంతును కూడా మూయించే మాట ఒకటి లోయలో ఉంది. పెరుగుగుడ్డ.

ఆ పేరు పెట్టింది లుబుమ్. యుమ్‌కీ అప్పుడు కొత్త కోడలు. నది అవతలి నుంచి ఈ లోయకు వచ్చి నిండా ఏడాది కాలేదు. కొత్త కోడలు నేసిన మొదటి పట్టీని గుడారం నడిమధ్యలో, పొగ పోయే చీలిక పక్కన కుడతారు. లోపలికి అడుగు పెట్టినవాళ్ళు ఎవరైనా తలెత్తితే ముందు కనబడేది అదే. యుమ్‌కీ ఆ వేసవంతా పచ్చిక మీద మేకులు కొట్టి, నడుముకు తోలుపట్టా బిగించి, జడలబర్రె వెంట్రుకల దారంతో ఆ పట్టీ నేసింది. కుట్టే రోజున చుట్టుపక్కల వాళ్ళంతా టీకి వచ్చారు. ఎగువ మకాం నుంచి లుబుమ్ కూడా వచ్చింది. లోయ మొత్తానికీ ఆ కాలంలో ఆమెను మించిన నేతగత్తె లేదు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా ఆమెకే తెలుసు.

లుబుమ్ పట్టీని ఎత్తి ఎండకు అడ్డంగా పట్టి చూసింది. సూదిమొనల్లాంటి వెలుగు చుక్కలు ఆమె మొహం నిండా పడ్డాయి.

"అమ్మాయ్, ఇది గుడారానికా, పెరుగు వడగట్టడానికా?" అంది.

అని ఊరుకోలేదు. చేతిలో ఉన్న గిన్నెలోంచి గరిటెడు పెరుగు తీసి పట్టీ మీద పోసింది. నీళ్ళన్నీ బొట్లు బొట్లుగా కిందికి కారాయి. కింద పడుకున్న కుక్క లేచి మూతి నాక్కుంది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. యుమ్‌కీ చాలా ఏళ్ళు మరిచిపోలేనిది ఆ అత్తగారి నవ్వునే.

పట్టీని మధ్యలోనే కుట్టారు. ఆచారం కాబట్టి కుట్టక తప్పలేదు.

ఆ తరవాత ఏటా శరత్కాలంలో ఆమె కొత్త పట్టీలు నేసింది. గుడారానికి రెండు సగాలుంటాయి. ఒక్కో సగానికీ మధ్య అంచున కొత్త పట్టీ చేరుతుంది. నేలకు తగిలి చివికిన పట్టీని అటు చివర కోసి తీసేస్తారు. అది గోనెసంచో జీనుగుడ్డో అవుతుంది. మిగిలిన పట్టీలన్నీ ఒక్కో అడుగు పక్కకు జరుగుతాయి. అందుకే నల్ల గుడారం ఎప్పటికీ పాతబడదు, ఎప్పటికీ పూర్తిగా కొత్తదీ కాదు. యుమ్‌కీ నేత బాగుపడింది. లోయలో లుబుమ్ తరవాత పేరు ఆమెదే అయింది. అయినా పందెంలో గుర్రం ఓడినవాడు, గొర్రె బేరంలో మాట పడినవాడు, ఎవడికి కడుపు మండినా చివరికి ఆ పేరే తీసేవాడు. "పోవమ్మా, పెరుగుగుడ్డా!"

పిల్లల బడి కోసం, చలికాలం కోసం రోడ్డు పక్కన ఇటుక ఇళ్ళు వచ్చాక చోపా కుటుంబం కూడా దిగి వచ్చింది. గుడారం చుట్టలు చుట్టుకుని కొట్టంలో అటక మీదికి చేరింది. వేసవి మకాంకు ఇప్పుడు అందరిలాగే తెల్ల కాన్వాస్ డేరా పట్టుకెళుతున్నారు. అది తేలిక. చోపా మోటార్‌సైకిల్ వెనక పట్టేస్తుంది. అందులో పడుకుంటే పాల డబ్బాలో పడుకున్నట్టుంటుందని యుమ్‌కీ అంటుంది గానీ, ఆమె కూడా అందులోనే పడుకుంటుంది.

ఆమె తమ్ముడి కూతురు సేర్‌త్సో జిలింగ్ నగరంలో చదువుకుని తిరిగొచ్చి, రోడ్డు పక్క పాత ఉన్ని గిడ్డంగిలో నేతశాల పెట్టింది. లోయ ఆడవాళ్ళు అక్కడ దుప్పట్లు, కింద కూర్చునే పరుపుల గలీబులు, తలుపు తెరలు నేస్తారు. అన్నిటికీ నల్ల గుడారం పోలిక ఉంటుంది. నల్ల నేల మీద సన్నటి తెల్ల చార, గుడారం తాళ్ళలా మూలలకు జారే గీతలు. పట్నం వాళ్ళు వాటిని మంచాల మీద పరుచుకుంటారు. యుమ్‌కీ మొదట వెక్కిరించింది. "గుడారం వదిలేసి వచ్చి, గుడారం బొమ్మ నేస్తారా?" అని. తరవాత ఒకరోజు ఒకమ్మాయి దారం వదులుగా వడుకుతుంటే చూడలేక కదురు లాక్కుంది. మళ్ళీ ఇంటికి వెళ్ళింది సాయంత్రం పాలు పితికే వేళకే. అప్పటి నుంచి ఆ నేతశాలలో పెద్ద ఆమే. ఎవరూ పెట్టలేదు, ఆమే అయింది.

ఆ ఏడు గొర్రెల ఉన్ని కత్తిరింపులు ముగిసిన రోజుల్లో జిలింగ్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు జమ్‌కర్. ఈ లోయ పిల్లే. దుప్పట్లు చూడలేదు, గలీబులు చూడలేదు. టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని నేరుగా అడిగింది.

"నాకొక గది కావాలి. పైకప్పు, మూడు గోడలు. నల్ల గుడారం లోపల ఎలా ఉంటుందో అలా. మా అమ్మ కోసం."

"అమ్మకేమైంది?" అంది సేర్‌త్సో.

"ఊపిరి. ఇంత ఎత్తులో ఉండటానికి వీల్లేదు. నా దగ్గరకు తెచ్చుకున్నా. కానీ నిద్ర పోదు. ఆ తెల్ల కప్పు మంచు పడ్డట్టు మొహం మీద పడుతోందంటుంది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని తెల్లారుస్తుంది. నేను ఇవ్వగలిగిన మందులన్నీ ఇచ్చా."

"మీ గుడారమే కట్టుకోవచ్చుగా?"

"అన్నదమ్ములు పంచుకున్నారు. ఎవడి ముక్క వాడు కోసుకున్నాడు. పోనీ ఎవరిదన్నా పాతది కొందామంటే, ఇంకొకరి పొయ్యి పొగ కింద నేను పడుకోను అంటుంది. మా అమ్మ సంగతి మీకు తెలుసుగా."

"ఎవరు మీ అమ్మ?" యుమ్‌కీ అప్పుడే లోపలికి వచ్చింది.

"ఎగువ మకాం లుబుమ్."

మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఆడవాళ్ళంతా యుమ్‌కీ వైపు చూడకుండా చూశారు.

జమ్‌కర్ తల దించుకుని చెప్పింది. "నచ్చకపోతే ఆ క్షణమే దించెయ్యమంటుంది. ముందే చెప్పడం మంచిదని చెబుతున్నా."

సేర్‌త్సో నోరు తెరిచేలోపే గొంతు లేచింది. "నేస్తాం! మీ అమ్మతో చెప్పు. పెరుగుగుడ్డ యుమ్‌కీ నేయిస్తోందని పేరు పెట్టి చెప్పు. చూసి దించమందో, నేను మళ్ళీ జన్మలో మగ్గం ముట్టను."

"అత్తా!" అంది సేర్‌త్సో.

"ఏం? అన్నా. అయిపోయింది."

సాయంత్రానికి ఆ మాట రోడ్డు మీది దుకాణం దాకా వెళ్ళింది. రెండో రోజుకి ఎగువ మకాం దాటింది. చోపా ఇంటికి వచ్చి గిన్నెలో సాంపా, అదే వేయించిన బార్లీ పిండి, పిసుక్కుంటూ, "మగ్గం మానేస్తే ఇక పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావా?" అని అడిగాడు. ఆ అడగడంలో భయం నిజంగానే ఉంది.

పని పంచుకున్నారు. పట్టీలు పొడుగువి, గిడ్డంగి మగ్గాల మీద పట్టవు. పాత పద్ధతిలో, ఎవరి ఇంటి ముందు వాళ్ళు పచ్చిక మీద మేకులు కొట్టుకుని నేయాలి. సేర్‌త్సో తలా ఒక కొలత టేపు ఇచ్చింది. యుమ్‌కీ వరసగా వెళ్ళి అన్నీ తిరిగి లాక్కుని డబ్బాలో పడేసింది.

"వెడల్పు జానా బెత్తెడు. మీ అమ్మలు అంతే నేశారు, వాళ్ళమ్మలు అంతే నేశారు. గుడారాన్ని టేపు పెట్టి నేస్తే అది గుడారమా, దర్జీ కొట్టా?"

"అత్తా, ఇంతమంది నేస్తున్నారు. అన్నీ ఒక్కలా రావాలి కదా?"

"జాన అంటే జానే. అందులో నీకు కనబడని చిక్కు ఏముంది?"

సేర్‌త్సోకి చిక్కు కనబడింది. కానీ ఆ గొంతుకు ఎదురు చెప్పాలంటే ఇంకో గొంతు కావాలి. ఆమెది మెత్తటిది.

వేసవంతా కదుళ్ళు తిరిగాయి. గడ్డి పసుపెక్కేసరికి ప్రతి ఇంటి ముందూ నల్లటి పడుగు నేల మీద సాగి కనబడింది. చెక్క కత్తులతో పేకను బాదే చప్పుడు లోయ పొడుగునా వినబడింది. చాలా ఏళ్ళకు విన్న ముసలివాళ్ళు ఇళ్ళ ముందుకొచ్చి కూర్చుని అది వింటూ జపమాలలు తిప్పుకున్నారు. యుమ్‌కీ రోజూ అందరి దగ్గరికీ వెళ్ళింది. దారం వేలితో మీటి చూసింది. వదులుగా ఉన్నచోట విప్పించింది. ఏడిపించింది కూడా. ఒక్క పట్టీ పక్కన ఇంకో పట్టీ పెట్టి మాత్రం చూడలేదు.

కుట్టడానికి అన్నీ గిడ్డంగి ముందు గడ్డి మీద పరిచిన పొద్దున సంగతి బయటపడింది.

ఖామో ఎద్దులాంటి మనిషి. ఆమె జాన ఒక పళ్ళెమంత. చోక్యీ చెయ్యి పదేళ్ళ పిల్ల చెయ్యి. ఒకరిది వెడల్పు, ఒకరిది ఇరుకు, ఒకరిది మధ్యస్తం. ప్రతి పట్టీ దానికదే చక్కగా ఉంది. అంచు తిన్నగా ఉంది, నేత గట్టిగా ఉంది. పక్కపక్కన పెడితే మాత్రం ఏ రెండూ ఒకటి కావు.

కుట్టుపని మగవాళ్ళది. ఈ పచ్చికబయళ్ళలో ఆడది నేస్తుంది, మగవాడు కుడతాడు. గుడారం మీద ఆడదాని సూది పడదు. లోయలో గుడారం కుట్టడం పూర్తిగా తెలిసిన మగవాడు ఇక అందరూ ఆఖూ, అంటే బాబాయ్, అని పిలిచే గొన్‌క్యబ్ ఒక్కడే మిగిలాడు. పళ్ళు లేవు, సూది మాత్రం ఉంది. చోపానీ ఇంకో ఇద్దరినీ వెంటేసుకుని అతను వచ్చిన వరసలోనే పట్టీలు కలిపి కుట్టాడు. సగం కుట్టేసరికి గుడ్డ ఒకపక్క ముడతపడింది, ఇంకోపక్క జారింది. నాలుగు గుంజల మీద ఎత్తి చూశారు. నడుము విరిగిన గాడిద నిలబడ్డట్టు నిలబడింది.

"ఏం యుమ్‌కీ, ఇది గుడారమా, గుడారం మీద పడ్డ కొండచరియా?" అన్నాడు గొన్‌క్యబ్ ఆఖూ, బోసినోటితో నవ్వుతూ.

"నీ కుట్టు వంకర!"

"నా కుట్టు తిన్నగానే ఉంది తల్లీ. నీ జానే వంకర. ఎవరి జానని అడిగావా వీళ్ళని?"

ఆమె ఖామో చెయ్యి పట్టుకుని చూసింది. చోక్యీ చెయ్యి పట్టుకుని చూసింది. తన చెయ్యి చూసుకుంది. టేపుల డబ్బా గిడ్డంగి అరుగు మీదే ఉంది. సేర్‌త్సో దాని వైపు చూడలేదు, ఒక్క మాట అనలేదు. అని ఉంటే యుమ్‌కీకి కొంత తేలికయ్యేది. తిరిగి అరవడానికి ఏదో ఒకటి దొరికేది.

కనుమ మీద మంచు పడితే జిలింగ్ దారి వసంతం దాకా మూసుకుపోతుంది. మళ్ళీ వడకడానికి వెంట్రుక లేదు, మళ్ళీ నేయడానికి కాలం లేదు. "చెప్పేస్తాను అత్తా, ఈ ఏడు కాదని డాక్టరమ్మకి చెప్పేస్తాను" అంది సేర్‌త్సో. యుమ్‌కీ ఇంటి వైపు నడిచింది. గొంతు ముందుగా రాకపోవడంతో, ఆమె వచ్చినట్టు ఇంట్లో చోపాకి గానీ ముసలి కుక్కకి గానీ తెలియలేదు.

చేయడానికి ఏం లేక కొట్టంలోకి వెళ్ళింది. అటక మీది చుట్టలు చూస్తే ఒళ్ళు మండింది. మా అత్త కాలంలో ఇలాంటి తిప్పలు లేవు, ఒక ఇల్లు, ఒక చెయ్యి, ఒక కొలత అనుకుంది. అనుకుని, ఎంత తిన్నగా ఉండేదో ఒకసారి చూసుకుందామని ఒక చుట్ట లాగి కింద పడేసింది. దుమ్ము, పాత పొగ వాసన ఒక్కసారిగా లేచాయి. పెరట్లోకి ఈడ్చి విప్పింది.

గుడారం సగం పూర్తిగా పరుచుకునేసరికి ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది.

ఒక్క పట్టీ ఇంకో పట్టీతో సమానంగా లేదు.

అటు చివర ఇరుకు పట్టీలు అత్తగారివి. ఆమెది చిన్న చెయ్యి, దానితో కొట్టిన దెబ్బ మాత్రం పెద్దది. వాటి పక్కన ఆడబిడ్డ పెళ్ళికి ముందు నేసినవి. ఆ తరవాత తనవి. తనవి కూడా ఒక్కలా లేవు. కొత్తగా మధ్యలో చేరినవి వెడల్పు. ఏళ్ళ తరబడి వానకి తడిసి ఎండకి ఆరి పక్కకు జరిగినవి కుంచించుకుపోయాయి. మధ్య నుంచి అంచు దాకా వెడల్పు మెల్లమెల్లగా తగ్గుతూ వెళ్ళింది. అందుకే గుడారం మధ్యలో ఎత్తుగా లేచి, పక్కలకు ఒద్దికగా వాలేది. ఇన్నేళ్ళు దాని కింద పడుకుని, పిల్లల్ని కని, అత్తగారిని సాగనంపి, ఏటా మధ్యలో ఒక పట్టీ చేరుస్తూ కూడా ఆమె ఈ సంగతి చూడలేదు. చూడాల్సిన పని పడలేదు.

"ఒక చెయ్యి ఎక్కడుంది నా మొహం!" అని పైకే అంది. అప్పుడు గొంతు మళ్ళీ వచ్చింది. లోపలున్న చోపా ఉలిక్కిపడి చేతిలో టీ ఒలకబోసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గిడ్డంగి ముందు ఆమె ఉంది. కుట్లు విప్పమంది. గొన్‌క్యబ్ ఆఖూ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "సూది నాది, వేళ్ళు నావి, విప్పమనడం నీదా?"

"తప్పు నాది. విప్పు, ఆఖూ."

తప్పు నాది అన్న మాట ఆ నోట్లోంచి రావడం వినడానికి నలుగురైదుగురు దగ్గరికొచ్చారు. ఆఖూ ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పింది. అతను విప్పాడు.

అప్పుడు సేర్‌త్సో టేపు బయటికొచ్చింది. యుమ్‌కీయే అడిగి తీసుకుంది. ప్రతి పట్టీ కొలిచి, వెడల్పులో దగ్గరగా ఉన్న రెండేసి జత కట్టారు. జతలో ఒకటి ఈ సగానికి, ఒకటి ఆ సగానికి. ఖామోవి మధ్యలోకి వెళ్ళాయి. మిగతావి వరసగా దిగుతూ వచ్చాయి. "చూశారా, నేనే ఇంటికి నడిబొడ్డు" అని ఖామో రొమ్ము విరుచుకుంది. "నీ చెయ్యే, నువ్వు కాదు" అంది పక్కనామె.

చివరికి చోక్యీ దగ్గర లెక్క తెగలేదు. మధ్యలో కానుపు వచ్చి ఆమె ఒక్క పట్టీయే నేసింది. అన్నిటికన్నా ఇరుకు. ఒక సగానికి అంచు దొరికింది, ఇంకో సగానికి లేదు.

యుమ్‌కీ చాలాసేపు ఆ ఖాళీ చూసింది. తరవాత ఇంటికెళ్ళి, కొట్టంలోని పాత గుడారానికి అంచు వైపు, ఆడబిడ్డ పట్టీల పక్కన ఉన్న ఒక పట్టీని చోపా చేత విప్పించి భుజం మీద వేసుకు వచ్చింది. చోక్యీ పట్టీ పక్కన పరిచింది. అతికినట్టు సరిపోయింది.

"ఇది ఎప్పటిది అత్తా?" అంది సేర్‌త్సో.

"నా మొదటిది."

గొన్‌క్యబ్ ఆఖూ సూదిలో దారం ఎక్కిస్తూ ఆగాడు. పెరుగు పోసిన రోజున ఆ పట్టీని గుడారానికి కుట్టింది అతనే. "ఇదా? లుబుమ్ కంటి ముందుకా? నీకు పిచ్చి గానీ పట్టిందా?"

"ఇంకొకరి పొయ్యి పొగ కింద పడుకోనంది కదా లుబుమ్ అవ్వ?" అని ఖామో గుర్తు చేసింది.

"గుడారం కొత్తది. ఒక్క పట్టీకే పొగ ఉంది. అది నా పొగ. దానితో ఆమెకి పాత పరిచయమే. కుట్టు."

ఈసారి గుడ్డ కొండ దిగే నీళ్ళలా వాలింది. ఒక సగానికి ఉచ్చులు, ఇంకో సగానికి కొయ్య గుండీలు. మధ్యలో పొగ చీలిక. ఏటి ఒడ్డున గుంజలు పాతి, తాళ్ళు లాగి నిలబెట్టారు. లోయలో జనం పని వదిలేసి వచ్చారు. లోపల పిడకలు రాజేసి, తలుపు గుడ్డ దించి, వరసగా కొన్ని రోజులు పొగ పట్టించారు. పట్నం ఇంట్లోకి పొగ వాసనేంటని సేర్‌త్సో బెంగపడింది గానీ ఈసారి అడ్డు చెప్పలేదు. చోపా ఆ రోజులన్నీ లోపలే కాపలా పడుకున్నాడు. తెల్ల డేరాలోకి మళ్ళీ వెళ్ళనని అన్నాడు.

కనుమ మీద మొదటి తెలుపు కనబడుతుండగా ట్రక్కు బయలుదేరింది.

జిలింగ్‌లో జమ్‌కర్ ఉండే మేడ పొడుగైంది. గుడారం చుట్ట లిఫ్టులో పట్టలేదు. చోపా, డాక్టరమ్మ భర్త ఇద్దరూ భుజాన వేసుకుని మెట్లెక్కారు. ప్రతి అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. వెనకాలే గొన్‌క్యబ్ ఆఖూ సూదిపెట్టె పట్టుకుని, తనే మోస్తున్నంత ఆయాసపడుతూ ఎక్కాడు. "ఇలా ఎత్తుగా కట్టుకునేవాళ్ళు కొండ మీదే ఉండొచ్చుగా" అన్నాడు.

లుబుమ్ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఎండిపోయింది. ముక్కు దగ్గర గాలి గొట్టం. కళ్ళు మాత్రం అవే.

"వచ్చావా పెరుగుగుడ్డా?"

"వచ్చా అవ్వా."

"గొంతు తగ్గలేదే."

"మీ నోరు తగ్గిందా?"

"తగ్గించుకోమని మా అమ్మాయి మాత్రలిస్తోంది. పని కానివ్వండి."

పైకప్పుకు కొక్కేలు ముందే బిగించి ఉన్నాయి. రెండు సగాలూ ఎత్తి, మధ్యలో ఉచ్చుల్లో గుండీలు దూర్చారు. గది చీకటైంది. ఆ చీకట్లో నేతలోని సందుల్లోంచి కిటికీ వెలుగు చుక్కలు చుక్కలుగా మెరిసింది. పొగ చీలిక సరిగ్గా దీపం కిందికి వచ్చింది. లుబుమ్ కర్ర పట్టుకుని లేచి లోపలికి నడిచింది. తలెత్తలేదు. ముందు పక్కలు చూసింది. గుడారంలో ఒక పక్క ఆడవాళ్ళది, ఇంకో పక్క మగవాళ్ళది. అల్లుడి కుర్చీ ఆడవాళ్ళ వైపు ఉందని అటు జరపమంది. అతను, ఆ నగరంలో ఏదో కాలేజీలో పెద్ద పదవిలో ఉన్నవాడు, మారుమాట లేకుండా కుర్చీ ఎత్తుకుని మగవాళ్ళ వైపు వెళ్ళాడు. తరవాత ఆమె ఒక్కో కుట్టూ వేలితో తడుముకుంటూ గోడ వెంట నడిచింది.

యుమ్‌కీ వెనకాలే నడిచింది. సేర్‌త్సో గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

మంచం పక్కకి వచ్చేసరికి లుబుమ్ వేళ్ళు ఆగాయి. అంచు పట్టీని గట్టిగా పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కిటికీ వైపు ఎత్తి పట్టింది. ఒక్క చుక్క వెలుగు కూడా రాలేదు.

"ఇది ఎవరి నేత?"

అందరూ యుమ్‌కీ వైపు చూశారు.

"అడుగుతున్నా కదా. ఇలా ఇప్పుడు ఎవరు నేస్తున్నారు లోయలో? మిగతావి పర్లేదు, ఆడపిల్లల పని. ఇది నేత."

"మీకు తెలిసిందే అవ్వా" అంది యుమ్‌కీ. "దీని మీద మీరు పెరుగు పోశారు."

జమ్‌కర్ మొహంలో రంగు పోయింది. ఇక దించడమే అనుకుంది. చోపా గోడకేసి తిరిగాడు.

"పెరుగు తే" అంది లుబుమ్ కూతురితో.

"అమ్మా, ఇప్పుడు వద్దు."

"తే అన్నానా!"

గిన్నె వచ్చింది. లుబుమ్ మంచం మీద కూర్చుని పట్టీ అంచును ఒళ్ళో దొప్పలా మడిచి, యుమ్‌కీ కళ్ళలోకి చూస్తూ గరిటెడు పెరుగు పోసింది. అందరూ వంగి చూశారు. గొన్‌క్యబ్ ఆఖూ ఏకంగా మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి చూశాడు.

పెరుగు కదల్లేదు. పింగాణీ గిన్నెలో ఉన్నట్టు తెల్లగా, నిండుగా నిలబడింది.

"పడలేదు!" అని కింద నుంచి కేకేశాడు ఆఖూ. "ఒక్క బొట్టు పడలేదు!"

లుబుమ్ వేలితో ఆ పెరుగు తీసుకుని నాకింది. "పట్నం పెరుగు. రుచీ పచీ లేదు" అంది. తరవాత అంది: "అప్పుడు కారింది కదా. నేనన్నది అబద్ధమా?"

"కొత్త గుడ్డ ఏదైనా కారుతుంది. మీదీ కారే ఉంటుంది."

"కారింది" అని ఒప్పుకుంది లుబుమ్. "నా మొదటి పట్టీ మీద మా అత్త మజ్జిగ పోసింది. నాకు ఆ రోజు ఎవరూ మజ్జిగగుడ్డ అని పేరు పెట్టలేదు, నా అదృష్టం." పట్టీ మీద చెయ్యి వేసి రెండుసార్లు నిమిరింది. "దించొద్దు. ఎవడన్నా దించితే చెయ్యి విరగ్గొడతా. యుమ్‌కీ, ఆ తలగడ ఇటు పెట్టు. నీ పట్టీ నా చెయ్యి అందేలా ఉండాలి."

పేరు పెట్టి పిలిచింది. గుమ్మంలో సేర్‌త్సో అది విని కళ్ళు ఒత్తుకుంది. యుమ్‌కీ తలగడ సర్దింది.

టీ పెట్టుకుని అందరూ పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. టీ సగం తాగేసరికి గుడారం గదిలోంచి గురక వినబడింది. ముందు చిన్నగా, తరవాత కొండెక్కే బండిలా. జమ్‌కర్ గిన్నె కింద పెట్టి గుమ్మం దాకా వెళ్ళి చూసొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ ఏదో చెప్పబోయింది.

యుమ్‌కీ మూతి మీద వేలేసుకుంది. "మెల్లగా" అంది. ఆ మాట ఆమె ఎంత మెల్లగా అందంటే, పక్కనే కూర్చున్న చోపా కూడా ఏమందని అడిగాడు. వాళ్ళు ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె అలాగే మాట్లాడింది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. వాళ్ళు బయలుదేరేసరికి కూడా గురక ఆగలేదు.

తిరుగుదారిలో కనుమ ఇంకా తెరిచే ఉంది. పైకి చేరాక చోపా ట్రక్కు ఆపాడు. ప్రార్థన జెండాలు గాలికి టపటపలాడుతున్నాయి. అడుగున సేర్‌ఛు లోయ పసుపు గడ్డితో, ఏటి మెలికతో కనబడుతోంది. కనుమ ఎక్కినవాళ్ళు ఎవరైనా దేవతలకు జయం చెప్పి కేకెయ్యాలి. మగవాళ్ళు మంత్రాలు అచ్చేసిన కాగితాలు ఎగరేసి కేకేశారు. యుమ్‌కీ ట్రక్కు దిగి, రాళ్ళ గుట్ట దాకా నడిచి, అంగీని నడుముకు బిగించుకుంది. జిలింగ్ నుంచి అణిచిపెట్టుకుని తెచ్చిన ఊపిరంతా ఒక్కసారి వదిలింది.

"లా గ్యలో!"

అది కొండకు తగిలి తిరిగొచ్చి, అవతలి కొండకు తగిలి మళ్ళీ వచ్చింది. కింద వాలులో మేస్తున్న మందలో జడలబర్రెలన్నీ ఒకేసారి తలలెత్తి చూసి, బుద్ధిగా ఇంటిదారి పట్టాయి.

"ఇంకా పొద్దుంది, అప్పుడే తోలేశావేంటే వాటిని?" అన్నాడు చోపా.

"పోనీ. ఇంటికెళ్ళి పాలు పితకాలి. ఆ తరవాత దారం తీయాలి. మన గుడారానికి పట్టీ ఒకటి తక్కువైంది." అని ట్రక్కు ఎక్కింది.